కౌండిన్య అంచున వేలాడే సోలార్ కంచె: పది నెలల పనుల డైరీ

పలమనేరు వైపు, కౌండిన్య అభయారణ్యం అంచున ఒక చెరువు కింది ఆయకట్టుకు మూడు పక్కలా ఏనుగుల కంచె కడుతున్నాం, పైనుంచి సోలార్ కరెంటు తీగలు కిందికి వేలాడే రకం. మొత్తం పొడవు 1,200 మీటర్లు. లోపల వరి కయ్యలు, చెరకు, టమోటా, మల్బరీ, గట్టు నేలలో రాగి, ఒక మూల మామిడి తోట ఉన్నాయి. ఊరి పేరు రాయడం లేదు. ఏనుగులు ఫలానా చోట తిరుగుతున్నాయని తెలిస్తే ఫోన్లు పట్టుకుని జనం వచ్చేస్తారు. అది ఏనుగులకూ, రైతులకూ, వచ్చినవాళ్లకూ ప్రమాదమే.

1980ల మధ్యలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చిన గుంపులు ఈ కొండల్లో నిలిచిపోయాయి. 1990లో 357.6 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేశారు. అయితే ఇది సన్నగా సాగిన అడవి. అందులో ఎక్కడ నిలబడినా ఏదో ఒక ఊరి పొలం దగ్గరే ఉంటుంది. కందకాలు, మామూలు సోలార్ కంచెలు ఇక్కడ కొత్త కావు. చాలాచోట్ల స్తంభాలు మిగిలాయి, తీగ లేదు. తీగ ఉన్నచోట అందులో కరెంటు లేదు. అందుకే ఈ డైరీలో కట్టిన రోజులకన్నా కట్టాక గడిచిన రోజుల సంగతే ఎక్కువ.

1వ వారం, ఫిబ్రవరి: అడుగుల లెక్క

కొలత టేపు పట్టే ముందు ఏనుగుల దారి చూడాలి. పొద్దున్నే, పశువులు తొక్కకముందే వెళ్లి అడుగులు కొలిచాం. ముందరి కాలి గుర్తు గుండ్రంగా, వెనక కాలిది కోలగా ఉంటుంది. ముందరి కాలి గుర్తు చుట్టూ తాడు పెట్టి కొలిచి దాన్ని రెట్టింపు చేస్తే సుమారుగా భుజం ఎత్తు వస్తుంది. చెరువు మొరవ దగ్గర దొరికిన గుర్తు చుట్టుకొలత 135 సెంటీమీటర్లు. అంటే భుజం దగ్గర 2.7 మీటర్ల ఎత్తున్న పెద్ద మగ ఏనుగు. వంక ఇసుకలో మాత్రం చిన్నాపెద్దా కలిసిన అడుగులున్నాయి. అవి పిల్లలున్న గుంపువి.

ఈ రెండు రకాల రాకపోకలకూ తేడా ఉంది. గుంపు వంక వెంబడి దిగి చెరువులో నీళ్లు తాగి అదే దారిన పోతోంది, పొలంలోకి రావడం తక్కువ. ఒంటి ఏనుగు నేరుగా చెరకులోకి దిగుతోంది. కాబట్టి వంకకు అడ్డంగా కంచె వేయకూడదని మొదటి రోజే తీర్మానం అయింది. వంకనూ దాని రెండు గట్లనూ కలిపి 60 మీటర్ల వెడల్పున చెరువు దాకా తెరిచి ఉంచాం. నీళ్ల దారి మూస్తే ఏనుగు ఆగదు, కంచె పడగొట్టి పోతుంది. పైగా ఒకసారి పడగొట్టడం నేర్చిన ఏనుగు ఆ విద్య మరిచిపోదు.

కంచెను అడవి హద్దు మీద కాకుండా పట్టా భూముల గనిమల (గట్ల) మీద వేస్తున్నాం. పొలానికి ఆనుకుని ఉంటే రైతు కన్ను రోజూ దాని మీద పడుతుంది. అడవి హద్దు మీద వేస్తే అది ఎవరిదీ కాదు. ఇంకో లాభం కూడా ఉంది. హద్దు మీది పెద్ద చెట్లకు 15 మీటర్లు ఇవతలికి జరిగాం. చెట్టును తోసి తీగల మీద పడేసి దాని మీదుగా దాటడం ఏనుగులకు బాగా తెలిసిన పని.

2వ వారం: ముందు తీయాల్సిన తీగలు

సర్వేలో రెండు చేలల్లో అడవి పందుల కోసమని మోటారు స్టార్టర్ నుంచి లాగిన బైండింగు తీగ కనిపించింది. కంచె పని ఆపి ముందు అది తీయించాం. ఇందులో రాజీ లేదు. సోలార్ కంచెలో దెబ్బ సెకనుకు ఒకసారి, రెప్పపాటులో వెయ్యో వంతు కాలం తగిలి వదిలేస్తుంది. 230 వోల్టుల కరెంటు పట్టుకుని వదలదు. అది ఏనుగుకూ చావే, నీళ్లు కట్టడానికి రాత్రి పూట వెళ్లిన మనిషికీ చావే. ఆ తీగ తెగి మన కంచె మీద పడితే 1,200 మీటర్లూ ఒకేసారి ప్రాణాంతకం అవుతుంది. 2023 మేలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో నాలుగు ఏనుగులు కరెంటు తగిలి ఒకేచోట చనిపోయాయి. ఏనుగు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, తీగ పెట్టినవాళ్లు జైలుకు పోతారు. గ్రామసభలో ఈ మాటలు మెత్తగా చెప్పలేదు.

రెండో అడ్డంకి 11 కేవీ (11 వేల వోల్టుల) కరెంటు లైను. అది కంచె దారిని ఒకచోట దాటుతుంది. కంచె ఎనర్జైజర్లకు (తీగకు దెబ్బలు పంపే పెట్టెలకు) వర్తించే అంతర్జాతీయ ఐఈసీ 60335-2-76 ప్రమాణం ప్రకారం, వెయ్యి వోల్టులు మించిన లైనుకు అటూ ఇటూ 15 మీటర్ల లోపల కంచె తీగ నేల నుంచి 3 మీటర్లు మించి ఎత్తు ఉండకూడదు. వేలాడే కంచెలో పై తీగ 4.2 మీటర్ల ఎత్తున ఉంటుంది. కనుక లైను కింద 34 మీటర్ల మేర పొట్టి కంచె వేయక తప్పదు. దాటడం కూడా లైనుకు కింద నుంచి, వీలైనంత లంబకోణంలోనే దాటాలి. ఈ 34 మీటర్లే బలహీనమైన చోటు అవుతుందని అప్పుడే రాసి పెట్టుకున్నాం. 24వ వారంలో దాని సంగతి మళ్లీ వస్తుంది.

3వ వారం: సామాను

గేటు 6, పొట్టి కంచె 34 పోను వేలాడే కంచె 1,160 మీటర్లు. పది మీటర్లకొక స్తంభం. గేటు, లైను వల్ల కంచె మూడు ముక్కలైంది కాబట్టి 119 స్తంభాలు.

స్తంభం రెండంగుళాల జీఐ (జింకు పూత ఇనుప) పైపు, 5.3 మీటర్లు. అందులో మీటరు నేలలో, 4.3 మీటర్లు పైన. తల మీద 1.2 మీటర్ల అడ్డ కడ్డీ, ఇంగ్లిషు టీ అక్షరంలా. కడ్డీ రెండు కొసలకూ పింగాణి రీలు ఇన్సులేటర్లు, వాటి గుండా రెండు ప్రధాన తీగలు పోతాయి. స్తంభానికి చెరో పక్కా 60 సెంటీమీటర్ల దూరంలో తీగలు వేలాడుతుంటే, ఏనుగు వాటికి తగలకుండా స్తంభాన్ని తోయలేదు. వేలాడే కంచెకు అసలు బలం ఈ అడ్డ కడ్డీలోనే ఉంది.

ప్రధాన తీగ 2.5 మిల్లీమీటర్ల హైటెన్సైల్ (గట్టిగా లాగినా తెగని) జీఐ, రెండు వరసలకూ 2,320 మీటర్లు. మీటరు 38.5 గ్రాములు తూగుతుంది, అంటే 89 కిలోలు. ముడులకూ తరుగుకూ కలిపి 100 కిలోలు తెచ్చాం. వేలాడే తీగలు 2 మిల్లీమీటర్లవి. ఒక్కో వరసలో మీటరుకొకటి, రెండో వరసవి అర మీటరు జరిపి, మొత్తం 2,320. కట్టుకు కలిపి ఒక్కోటి 3.15 మీటర్లు. లెక్కకు 180 కిలోలు, తెచ్చింది 200. వీటి కింది కొస నేలకు 1.1 మీటర్ల పైన ఆగుతుంది. ఏనుగుకు నుదురో, తొండమో, ఛాతీయో తగలాలి. కుక్క, కుందేలు, ముళ్లపంది కింద నుంచి హాయిగా పోవాలి. కొసను వంచి చిన్న ఉంగరంలా చుట్టాలి, సూటిగా వదిలితే కంట్లో గుచ్చుకుంటుంది.

సిమెంటు 70 బస్తాలు. గుంత 30 సెంటీమీటర్ల చదరం, మీటరు లోతు, పాళ్లు 1:2:4. స్తంభానికి అర బస్తా పైచిలుకు పట్టింది.

ఎనర్జైజరు 12 వోల్టులది. దెబ్బకు 5 జౌల్‌ల శక్తి దాటనిది, సెకనుకు ఒకటికి మించి దెబ్బ వేయనిది, ప్రమాణం ముద్ర ఉన్నది. ఇది 0.7 ఆంపియర్లు తాగుతుంది. 24 గంటలకు 17 ఆంపియర్ అవర్లు అవుతుంది. మూడు రోజులు మబ్బు పట్టినా నడవాలి, బ్యాటరీ సగానికి మించి ఖాళీ కాకూడదు. అందుకే 100 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ. రోజుకు సుమారు 204 వాట్ అవర్లు కావాలి కాబట్టి, నాలుగున్నర గంటల మంచి ఎండ, 30 శాతం నష్టాలు వేసుకుని లెక్కేస్తే 65 వాట్ల ప్యానెల్ చాలు. పెట్టింది 100 వాట్లు. పగలు ఆపేసి రాత్రికే నడిపితే చిన్న బ్యాటరీ సరిపోతుందని కొందరు అడిగారు. పగలు ఒకసారి తొండంతో తడిమి ఏమీ కాలేదని తెలుసుకున్న ఏనుగు రాత్రి నిర్భయంగా వస్తుంది. కంచె ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి.

4 నుంచి 7వ వారం: గుంతలు, తీగలు

119 గుంతల్లో 23 చోట్ల అడుగున్నర లోతుకే బండ తగిలింది. అక్కడ డ్రిల్లు వేసి 16 మిల్లీమీటర్ల కడ్డీలు నాటి పైపును వాటికి వెల్డింగ్ చేయించి చుట్టూ కాంక్రీటు దిమ్మె కట్టాం. ఇలాంటి బండ వల్లే ఇక్కడ కందకాలు ఓడిపోయాయి. బండ దగ్గరా, వంక దగ్గరా కందకం ఆగుతుంది, ఏనుగు ఆ సందులోంచే దిగుతుంది.

మూలల్లో, మలుపుల్లో స్తంభానికి లోపలి వైపు ఆనింపు పైపు తప్పనిసరి. ప్రధాన తీగను 60 కిలోల బిగువుకు లాగాం. పది మీటర్ల నడుమ తీగ కిందికి జారేది మూడు సెంటీమీటర్లే. ఇంకా లాగితే మూల స్తంభాలు వంగుతాయి తప్ప లాభం లేదు.

పొరపాటు వేలాడే తీగలు కట్టడంలో జరిగింది. మొదటి 300 మీటర్లలో మూడు చుట్లు చుట్టి వదిలేశారు. వారం గాలికి కట్లు జారి తీగలన్నీ రెండు స్తంభాల నడిమధ్యకు చేరుకున్నాయి. స్తంభాల పక్కన రెండేసి మీటర్ల సందులు పడ్డాయి. కట్టు వదులుగా ఉంటే అక్కడ నిప్పురవ్వ లేచి తీగ పూత కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. అన్నీ విప్పి ఎనిమిది బిగి చుట్లు వేసి, పైన అల్యూమినియం స్లీవు నొక్కించాం. నాలుగు రోజుల పని రెండుసార్లు చేసినట్టయింది.

8వ వారం: ఎర్తు

కంచెలో సగం నేలలో ఉంటుంది. దెబ్బ తీగలోంచి ఏనుగులోకి, ఏనుగు కాళ్ల నుంచి నేలలోకి, నేలలోంచి ఎర్తు కడ్డీల ద్వారా తిరిగి ఎనర్జైజరుకు చేరాలి. ఇక్కడిది ఎర్ర నేల, కింద గులక. ఎండితే కరెంటు సరిగ్గా పోనివ్వదు.

మొదట రెండు మీటర్ల జీఐ కడ్డీలు మూడు, మూడేసి మీటర్ల దూరంలో దించాం. పరీక్ష ఇలా: ఎనర్జైజరుకు 100 మీటర్ల అవతల నాలుగు గడ్డపారలు నేలలో దిగ్గొట్టి తీగకు ఆనించి, తీగ వోల్టేజి 2 కిలోవోల్టుల కిందికి దింపాలి. అప్పుడు చివరి ఎర్తు కడ్డీకీ, మీటరు దూరంలో గుచ్చిన చువ్వకూ మధ్య కొలవాలి. 0.3 కేవీ మించకూడదు. మాకు 0.9 వచ్చింది. చెరువు తూము కింది చెమ్మ నేలలో ఇంకో మూడు కడ్డీలు కలిపితే 0.2కు దిగింది. ట్రాన్స్‌ఫార్మరు ఎర్తు, ఇళ్ల ఎర్తుల నుంచి కనీసం పది మీటర్లు ఎడం ఉండాలి. లేకపోతే ఇళ్లలో కొళాయి ముట్టుకున్నా చురుక్కుమంటుంది.

కంచె పొడవునా, స్తంభాలన్నిటినీ కలుపుతూ నేలకు అడుగు ఎత్తున ఒక ఎర్తు తీగ కూడా లాగాం. జీఐ తీగకు రాగి తీగ మెలిపెట్టి కలపకూడదు, వానాకాలం తిరక్కుండానే ఆ ముడిని తుప్పు తినేస్తుంది. జీఐ క్లాంపులే వాడాలి.

9వ వారం, ఏప్రిల్: గేటు, తొలి చార్జి

ట్రాక్టరు దారిలో గేటు. చెరకు లోడు తగలకుండా పైన తీగ ఏదీ పోకూడదు కాబట్టి రెండు పక్కల తీగలనూ నేల కింద కేబుల్‌తో కలిపాం. ఈ కేబుల్ 20 కేవీకి తట్టుకునే రెండు పొరల తొడుగుది అయి ఉండాలి. ఇళ్ల వైరింగు తీగ 1,100 వోల్టులకు చేసింది. దాన్ని పీవీసీ పైపులో పెట్టి పూడిస్తే పైకి అంతా బాగానే ఉంటుంది, లోపల కరెంటు నేలలోకి కారుతుంటుంది. పాత కంచెలు రెండింటిలో ఇదే చూశాం.

కంచెను నాలుగు భాగాలు చేసి కట్ ఆఫ్ స్విచ్చులు పెట్టాం. లోపం వస్తే ఒక్కో భాగాన్నీ విడదీసి చూడొచ్చు. దారుల దగ్గర పసుపు హెచ్చరిక బోర్డులు. తొలి చార్జిలో కొస వోల్టేజి 7.4 కేవీ. 6 మించితే సరే, 5.5కు దిగితే ఆ సాయంత్రమే వెతకాలి అని నియమం పెట్టుకున్నాం. కంచె చూసుకునే వంతు ఒక్కో రైతుకు 40 మీటర్లు, 30 మంది. పొద్దుగూకేటప్పుడొకసారి, తెల్లారుజామున ఒకసారి రీడింగు. నోటు పుస్తకం బ్యాటరీ పెట్టె మీదే ఉంటుంది.

14వ వారం, మే: వోల్టేజి ఉంది, దెబ్బ లేదు

మామిడి పండే కాలం. చెరువు ఎండింది. రీడింగు 7 కేవీ తగ్గడం లేదు, అందరూ నిబ్బరంగా ఉన్నారు. ఎర్తు పరీక్ష చేస్తే 0.8. తూము కింద చెమ్మ పోయింది, కడ్డీలు పొడి మట్టిలో ఉన్నాయి.

ఇక్కడే చాలామంది మోసపోతారు. తీగ మీద భారం లేనంతకాలం టెస్టరు మంచి వోల్టేజే చూపిస్తుంది. ఏనుగు తగిలినప్పుడు మాత్రం నేల కరెంటును వెనక్కి పోనివ్వదు, చీమ కుట్టినట్టు ఉంటుంది. వేసవిలో మొదటిసారి కంచెను తాకిన ఏనుగు అదే గుర్తు పెట్టుకుంటుంది.

రెండు కడ్డీలను పశువుల తొట్టి పొంగి పారే కాలువ పక్కకు మార్చాం. మిగతావాటి చుట్టూ గుంత తీసి, చెమ్మ పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి నింపి, రెండు రోజులకోసారి నాలుగు బిందెల నీళ్లు పోయించాం. 0.3కు వచ్చింది. అప్పటి నుంచి ఎర్తు పరీక్ష నెలకోసారి, మార్చి నుంచి జూన్ దాకా పదిహేను రోజులకోసారి.

ఈ వారమే ఏనుగులకు ఘాటు పొగ పెట్టే మిరప పిడకలు చేశాం, వంక వైపు మామిడి మూల కోసం. మూడు పాళ్ల పేడకు ఒక పాలు ఎండుమిరప పొడి, నీడలో ఆరబెట్టాలి. మూతీ ముక్కూ కట్టుకోకుండా కలపకూడదు. గాలి అడవి వైపు వీస్తేనే పనికొస్తుంది, తిరగబడితే మంచె మీద ఉన్నవాళ్లకే ఊపిరాడదు. రెండు మూడు గంటల సాయం ఇది, అంతకుమించి నమ్మకూడదు. ఏనుగులు తేనెటీగలకు జంకుతాయి కాబట్టి తేనెపెట్టెల కంచె వేద్దామన్న మాట కూడా వచ్చింది. కెన్యాలో చిన్న పొలాలకు అది బాగా పనిచేసింది, 2021లో ఖాదీ కమిషన్ కొడగులో మొదలుపెట్టింది. ఆఫ్రికా తేనెటీగంత కోపం మన పుట్ట తేనెటీగకు లేదు. పైగా ఇక్కడి ఎండలకు పెట్టెలు ఖాళీ చేసి పోతుంది. తేనె కోసం పెట్టుకోవచ్చు గానీ ఏనుగులకు అదే అడ్డు అనుకోలేం.

19 నుంచి 22వ వారం: కసువు

వానలు పడ్డాయి. పదిహేను రోజుల్లో లంటానా కంప, కసువు, తీగ జాతులు లేచాయి. వేలాడే కంచెకు నేల మీది కసువు సమస్య కాదు, మీటరు దాటితేనే తగులుతుంది. స్తంభాన్ని పట్టుకుని పైకి పాకే తీగలు, పక్క నుంచి వాలే కొమ్మలు అసలు సమస్య. ఒక్క పచ్చి కొమ్మ తగిలితే ఏమీ కాదు, నూరు తగిలితే 7.4 కాస్తా 4.1 అవుతుంది. అయింది కూడా, 20వ వారంలో.

కంచె కింద రెండున్నర మీటర్ల పట్టీ శుభ్రంగా ఉంచాలి. కలుపు మందు కొట్టొద్దన్నాం. పక్కనే మల్బరీ ఉంది, ఆ ఆకు తిన్న పట్టుపురుగు చచ్చిపోతుంది. కొడవలి పనే, మూడు వారాలకోసారి. మేకలకు కొమ్మలు నరికేవాళ్లతో కూడా మాట్లాడాం. నరికిన కొమ్మ తీగ మీద పడితే తీసేయాల్సింది వాళ్లే, తీసేముందు స్విచ్ ఎక్కడుందో వాళ్లకు చూపించాం.

24వ వారం, జూలై: ఒంటి ఏనుగు

పొట్టి కంచె దగ్గరికే వచ్చింది. బురదలో అడుగులు స్పష్టంగా ఉన్నాయి. వేలాడే కంచె వెంబడి దాదాపు 200 మీటర్లు సమాంతరంగా నడిచి, మూడుచోట్ల ఆగి, ప్రతిచోటా వెనక్కి జరిగింది. 11 కేవీ లైను కిందికి రాగానే పొట్టి కంచె స్తంభాలు రెండింటిని దంతాలతో పైకెత్తి పెకలించింది. దంతానికి కరెంటు తగలదు. చెరకులో రెండు గంటలు మేసి అదే దారిన పోయింది. డ్రిప్ పైపులు తొక్కుడుకు పగిలాయి.

పొట్టి కంచె ఐదు వరసలది. 90, 130, 170, 210, 240 సెంటీమీటర్ల ఎత్తులో, ఒకటి చార్జి, ఒకటి ఎర్తు. స్తంభాలకు రక్షణ లేకపోవడమే లోపం. ఇప్పుడు ప్రతి స్తంభం నుంచీ అడవి వైపు 45 సెంటీమీటర్లు ముందుకు పొడుచుకొచ్చేలా ఇన్సులేటరు ఉన్న చేతులు బిగించి, వాటి మీద మరో చార్జి తీగ లాగాం. దంతం స్తంభానికి చేరేలోపే తొండమో ముఖమో ఆ తీగకు తగలాలి. స్తంభాల దూరం ఐదు మీటర్ల నుంచి మూడుకు తగ్గించాం. చెరకు గడి ఆ మూల నుంచి ఎత్తేసి పశువులకు జొన్న వేశాడు రైతు. కంచెకు బలహీనమైన చోటే ఏనుగుకు ఇష్టమైన పంట ఉండటం మన తప్పే.

ఆ రాత్రి టపాసులు కొట్టి తరుముదామని కొందరు బయల్దేరితే ఆపాం. తరిమితే అది ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర భూతలబండ వద్ద హైవే దాటుతున్న మూడు ఏనుగులు వాహనం గుద్ది చనిపోయాయి. మేసిన ఏనుగును మేసి పోనివ్వాలి, ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. నష్టం ఫొటోలు తీసి అటవీ శాఖకు దరఖాస్తు చేసుకోవాలి. అదే ఏనుగు మళ్లీమళ్లీ ఊరి మీదికి వస్తే దాన్ని మళ్లించే పని ముసలిమడుగు శిబిరంలో ఉన్న కుంకీలది (శిక్షణ పొందిన ఏనుగులది), మావటీలది. 2025లో కర్ణాటక ఇచ్చిన ఏనుగులు అవి.

దీని తర్వాత ఊరి మొదట్లో, వంక దగ్గర, పాలకేంద్రం దగ్గర ఎర్ర లైట్లు పెట్టాం. తమిళనాడు వాల్పారై కొండల్లో చాలా ఏళ్లుగా వాడుతున్న పద్ధతి ఇది. సిమ్ ఉన్న రిలే స్విచ్చుకు, నమోదు చేసిన నంబరు నుంచి మిస్డ్ కాల్ ఇస్తే లైటు వెలుగుతుంది. వెలిగితే చుట్టుపక్కల ఏనుగు ఉన్నట్టు. పాలు పోయడానికి చీకట్లో నడిచేవాళ్లకు ఇది కంచెకన్నా ఎక్కువ పనికొస్తోంది.

31వ వారం, సెప్టెంబరు: తెల్లారుజామున మాత్రమే

పుస్తకంలో వరసగా ఐదు రోజులు ఇలా ఉంది: సాయంత్రం 7.1, తెల్లారుజామున 4.3. మధ్యాహ్నం వెళ్లి చూస్తే మళ్లీ 7. కసువు లేదు, కొమ్మ లేదు, బ్యాటరీ నిండుగా ఉంది. పగలు వెతికితే దొరకదు. స్విచ్చులు ఒక్కోటి తెరిచి మూడో భాగం అని తేల్చి, తెల్లారుజామున నాలుగున్నరకు టార్చిలు ఆర్పి ఆ 300 మీటర్లు నడిచారు. 71వ స్తంభం దగ్గర టిక్, టిక్ అని సెకనుకొక చప్పుడు, ఇన్సులేటరు అడుగున వెంట్రుక మందాన నీలి రవ్వ. విప్పి చూస్తే పింగాణి మీద గోటితో గీసినట్టు సన్నటి పగులు. పొడిగా ఉన్నప్పుడు ఏమీ లేదు. మంచు పడి అందులో నీళ్లు చేరగానే కరెంటు జీఐ స్తంభంలోకి దిగిపోతోంది.

ఇనుప స్తంభాలతో ఉన్న చిక్కు ఇదే, ఒక్క ఇన్సులేటరు పోయినా కంచె మొత్తం కుంగుతుంది. అలాంటివి ఆ వారంలో నాలుగు దొరికాయి. నాలుగూ నట్టు మరీ బిగించినవే. నట్టుకూ పింగాణికీ మధ్య రబ్బరు వాషరు వేసి, చేత్తో బిగించాక అర చుట్టు మాత్రం స్పానరుతో తిప్పాలి. సాయంత్రం ఒక్క రీడింగే తీసుకుని ఉంటే ఈ లోపం బయటపడేది కాదు. ఏనుగు అడవికి తిరుగుముఖం పట్టేది సరిగ్గా ఆ వేళకే.

37వ వారం, అక్టోబరు: పిడుగు, బల్లి

ఈశాన్య రుతుపవనాల ఉరుముల్లో ఎనర్జైజరు ఆగిపోయింది. పిడుగు కరెంటును నేలలోకి మళ్లించే లైట్నింగ్ డైవర్టరు ఉంది గానీ దాని ఎర్తును ఎనర్జైజరు ఎర్తుకే కలిపేశారు. పిడుగుకు విడిగా, పది మీటర్ల అవతల, సొంత కడ్డీలు ఉండాలి. సరిచేశాం. అదనపు ఎనర్జైజరు ఒకటి ఊళ్లోనే ఉంచాలని కూడా తెలిసొచ్చింది. మరమ్మతుకు పంపి వచ్చేసరికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రాత్రులూ మంచెల మీద మనుషులే.

పెట్టె తెరిస్తే సర్క్యూట్ బోర్డు మీద బల్లి గుడ్లు, చీమల పుట్ట. తీగలు లోపలికి పోయే రంధ్రాలకు రబ్బరు గ్లాండ్లు వేసి సిలికాన్ పూశాం. బ్యాటరీ టెర్మినళ్లకు పెట్రోలియం జెల్లీ, నెలకోసారి డిస్టిల్డ్ వాటర్. సెల్‌ఫోన్ చార్జింగుకు ఎవరో లాగిన తీగ కూడా దొరికింది, తీసేసి పెట్టెకు తాళం వేశాం.

41వ వారం, నవంబరు: రాగి

రాగి కంకి పాలు పోసుకుంది. ఈ నాలుగు వారాలే అసలు పరీక్ష. గుంపు వంక వెంబడి మూడుసార్లు చెరువుకు వచ్చి వెళ్లింది, తెరిచిన 60 మీటర్లలోంచే. వంక మలుపులో ఒకచోట అడుగులు కంచె దాకా వచ్చి తిరిగాయి. ఒక వేలాడే తీగ ఉంగరం దగ్గర వంగి, దానికి ఎండిన బురద అంటుకుని ఉంది.

గేటు ఒక రాత్రి తెరిచి ఉంది. ఏ ఏనుగూ రాలేదు, అయినా పుస్తకంలో ఎర్ర ఇంకుతో రాశాం. గేటు తెరిస్తే ఎర్ర లైటు వెలిగేలా ఒక మాగ్నెట్ స్విచ్ బిగించాలి, సామాను వచ్చింది. పొట్టి కంచె దగ్గర రెండు ఇన్సులేటర్లు మార్చాలి. 88వ స్తంభం దిమ్మె చుట్టూ వాన నీళ్లకు మట్టి కోసుకుపోయింది, రాయి వేసి పూడ్చాలి. ఈ సాయంత్రం కొస రీడింగు 6.8, ఎర్తు 0.2. తెల్లారుజాము వంతు తూము పక్క కయ్యల వాళ్లది.